జార్జి ముల్లర్

జార్జి ముల్లర్ (సెప్టెంబరు 27, 1805 - మార్చి 10, 1898) ఇంగ్లాండులోని బ్రిస్టల్ నగరంలో అనాథ శరణాలయాలను స్థాపించి, అరవై సంవత్సరాలకు పైగా వాటిని నిర్వహించిన క్రైస్తవ బోధకుడు. జన్మతః జర్మన్ దేశీయుడు. ఆయన జీవితకాలంలో పది వేల మందికి పైగా తల్లిదండ్రులు లేని బాలబాలికలు ఈ శరణాలయాలలో ఆశ్రయం పొందారు. వారికి అన్నవస్త్రాలతో పాటు చదువు చెప్పించి, ఒక వృత్తిలోనో కొలువులోనో ప్రవేశపెట్టి, తమ కాళ్ళ మీద తాము నిలబడగలిగిన తరువాతనే పంపివేయడం ఆయన పద్ధతి. ఇంత పెద్ద సంస్థను నడుపుతూ కూడా ధనం కొరకు ఏ మనిషినీ అర్థించరాదనీ, ఎన్నడూ అప్పు చేయరాదనీ ఆయన నియమం పెట్టుకొని కడవరకూ పాటించాడు. తెలుగు క్రైస్తవులలో ముల్లర్ పేరు ప్రార్థనకు, విశ్వాసానికి ఉదాహరణగా తరచు వినబడుతుంది. అనాథ పిల్లల పోషణలో ఆయన ఏర్పరచిన వ్యవస్థ గురించి మాత్రం తెలిసినవారు తక్కువ.

బాల్యము, యౌవనము

ముల్లర్ పూర్తి పేరు యోహాన్ గియోర్గ్ ఫెర్డినాండ్ ముల్లర్. అప్పటి ప్రష్యా రాజ్యంలో హాల్బర్‌స్టాట్ పట్టణానికి సమీపంలోని క్రోపెన్‌స్టెట్ గ్రామంలో 1805లో జన్మించాడు. తండ్రి పన్నులు వసూలు చేసే ప్రభుత్వోద్యోగి. 1810లో కుటుంబం సమీపంలోని హైమర్స్‌లెబెన్ కు తరలివెళ్ళింది. పొదుపు నేర్పాలనే ఉద్దేశంతో తండ్రి పిల్లలకు వయసుకు మించిన డబ్బు చేతికి ఇచ్చేవాడు. వారు దానిని ఖర్చు చేసి దొంగలెక్కలు చూపేవారు. పది సంవత్సరాలు నిండక ముందే జార్జి తండ్రి వద్ద ఉన్న ప్రభుత్వ ధనాన్ని దొంగిలించడం మొదలుపెట్టాడు. అనుమానించిన తండ్రి ఒకనాడు లెక్కపెట్టిన నాణాలను గదిలో ఉంచి వెళ్ళగా, వాటిలో కొంత తీసి పాదం క్రింద దాచుకొని పట్టుబడ్డాడు.

కుమారుడు మతాచార్యుడైతే సుఖమైన జీవనం దొరుకుతుందని, వృద్ధాప్యంలో తాను కూడా అతనితో ఉండవచ్చునని తండ్రి తలచాడు. అందుకై జార్జిని హాల్బర్‌స్టాట్ లోని పాఠశాలకు పంపాడు. 1820లో తల్లి మరణశయ్యపై ఉన్న రాత్రి, ఆ సంగతి తెలియని పధ్నాలుగేళ్ళ జార్జి రెండు గంటల దాకా పేకాట ఆడుతూ ఉన్నాడు. 1821 డిసెంబరులో సత్రాలలో విలాసంగా గడిపి డబ్బు చెల్లించకుండా తప్పించుకోబోయి వుల్ఫెన్‌బ్యుటెల్ లో చెరసాల పాలయ్యాడు. ఇరవై నాలుగు రోజుల తరువాత, 1822 జనవరిలో, తండ్రి బాకీలు చెల్లించి విడిపించాడు. ఈ సంగతులన్నీ ముల్లర్ తానే తన ఆత్మకథలో దాచకుండా వ్రాసుకొన్నాడు. దొంగతనం, అబద్ధం అలవాటైన పిల్లవాని మనసు ఎట్లా పనిచేస్తుందో ఆయనకు పుస్తకాల ద్వారా తెలుసుకోవలసిన అవసరం లేకపోయింది.

హాలే విశ్వవిద్యాలయం

1825లో ముల్లర్ వేదాంత విద్యార్థిగా హాలే విశ్వవిద్యాలయంలో చేరాడు. ఆ సంవత్సరం నవంబరులో ఒక శనివారం సాయంకాలం బేటా అనే మిత్రునితో కలిసి ఒక వర్తకుని ఇంట జరిగే చిన్న ప్రార్థనకూటానికి వెళ్ళాడు. అక్కడ ఒకరు మోకాళ్ళూని ప్రార్థించడం ఆయన జీవితంలో మొదటిసారిగా చూశాడు. ఆ సాయంకాలమే తన జీవితం మలుపు తిరిగినదని ముల్లర్ చెప్పుకొన్నాడు. ఆ తరువాత మిషనరీ కావాలని నిశ్చయించుకొన్నాడు. ఇది విని తండ్రి మండిపడ్డాడు. తండ్రి కోరిన దారిన నడవనివాడు తండ్రి డబ్బు తీసుకోరాదని భావించి ముల్లర్ ఆ సహాయాన్ని వదలుకొన్నాడు. అప్పుడు హాలేలో ఉన్న అమెరికా ఆచార్యులకు జర్మన్ భాష నేర్పి చదువుకు కావలసిన ధనం సంపాదించుకొన్నాడు. వారిలో తరువాత ప్రఖ్యాత వేదాంతిగా పేరొందిన చార్లెస్ హాడ్జ్ ఒకడు.

హాలేలో ఆగస్ట్ హెర్మన్ ఫ్రాంకే (1663-1727) స్థాపించిన అనాథ శరణాలయం ఉన్నది. ఫ్రాంకే 1695 ప్రాంతంలో చేతిలో ఉన్న కొద్దిపాటి చందాతో పేద పిల్లలకు పాఠశాల ప్రారంభించగా, అది ముద్రణాలయం, ఔషధశాల, పాఠశాలలతో కూడిన ఒక చిన్న పట్టణంగా పెరిగింది. పేద వేదాంత విద్యార్థులకు అక్కడ ఉచితంగా గదులు ఇచ్చేవారు. ముల్లర్ కూడా రెండు నెలలు అందులో నివసించాడు. పది సంవత్సరాల తరువాత బ్రిస్టల్ లో చేసిన పనికి బీజం ఇక్కడనే పడినది.

ఇంగ్లాండు రాక, వివాహం

యూదుల మధ్య పనిచేసే ఒక మిషనరీ సంఘంలో శిక్షణ పొందడానికి 1829 మార్చిలో ముల్లర్ లండన్ చేరుకొన్నాడు. కొద్ది నెలలలోనే జబ్బుపడి, గాలి మార్పు కొరకు డెవన్ తీరంలోని టైన్‌మత్ వెళ్ళాడు. అక్కడ పరిచయమైన హెన్రీ క్రెయిక్ అనే స్కాట్లండు దేశీయుడు ఆయనకు జీవితాంతం మిత్రుడు, సహచరుడు అయ్యాడు. 1830లో లండన్ సంఘాన్ని విడిచి, టైన్‌మత్ లోని ఎబెనేజరు ప్రార్థనాలయానికి బోధకుడయ్యాడు. జీతం సంవత్సరానికి 55 పౌండ్లు.

1830 అక్టోబరు 7న మేరీ గ్రోవ్స్ ను వివాహం చేసుకొన్నాడు. ఆమె అన్న ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ ఎక్సెటర్ లో మంచి రాబడి ఉన్న దంతవైద్యుడు. ఆయన ఆ వృత్తిని, ఆస్తిని విడిచిపెట్టి అంతకు ముందే, 1829లో, బాగ్దాదుకు మిషనరీగా వెళ్ళాడు. ఈ గ్రోవ్స్ కు తెలుగు దేశంతో ఉన్న సంబంధం ముందు వివరింపబడినది.

ఆ రోజులలో ఇంగ్లాండు ప్రార్థనాలయాలలో కూర్చునే స్థానాలకు అద్దె ఉండేది. ధనికులు ముందు వరుసలు కొనుక్కొనేవారు, పేదలు వెనుకకు పోవలసి వచ్చేది. బోధకుని జీతం ఈ అద్దెల నుండి వచ్చేది. వివాహమైన నెలలోనే ముల్లర్ ఈ అద్దెలను రద్దు చేయించి, తన జీతాన్ని కూడా వదలుకొన్నాడు. ప్రార్థనాలయంలో ఒక పెట్టె ఉంచి, ఇష్టమైనవారు ఇష్టమైనంత అందులో వేయవచ్చునన్నాడు. ఆనాటి నుండి మరణించేవరకు ఆయన ఎక్కడా జీతం తీసుకోలేదు.

1832 మేలో ముల్లర్, క్రెయిక్ ఇద్దరూ బ్రిస్టల్ కు తరలివెళ్ళి గిడియన్, బెతెస్ద ప్రార్థనాలయాలలో పరిచర్య ప్రారంభించారు. ఆ సంవత్సరమే నగరంలో కలరా వ్యాపించింది. ఎన్నో కుటుంబాలలో తల్లీ తండ్రీ ఇద్దరూ పోయి పిల్లలు మిగిలారు. 1834 మార్చి 5న వారు ఒక సంస్థను స్థాపించారు. స్వదేశంలోనూ విదేశాలలోనూ లేఖన జ్ఞానాన్ని వ్యాపింపజేయడం దాని ఉద్దేశం. పాఠశాలలకు సహాయం, బైబిళ్ళ పంపిణీ, మిషనరీలకు తోడ్పాటు దాని మొదటి పనులు. అనాథల పని తరువాత చేరినది. ముల్లర్ దంపతులకు 1832లో లిడియా అనే కుమార్తె, 1834లో ఎలైజా అనే కుమారుడు జన్మించారు. ఎలైజా 1835లో పసితనంలోనే మరణించాడు.

అనాథ శరణాలయం ఆలోచన

1834లో ఇంగ్లాండులో కొత్త పేదల చట్టం వచ్చింది. నిరాధారులకు ఇంటి వద్ద సహాయం తగ్గించి, వారిని పేదల పనిశాలలకు పంపడం దాని సారాంశం. అనాథ పిల్లలు కూడా ఈ పనిశాలలలో వృద్ధులతో, రోగులతో కలిసి ఉండవలసి వచ్చేది. డికెన్స్ వ్రాసిన ఆలివర్ ట్విస్ట్ నవల (1837-39) చదివినవారికి ఆ పరిస్థితి తెలిసే ఉంటుంది. ధర్మసంస్థలు నడిపే శరణాలయాలు కొన్ని ఉన్నా, వాటిలో చాలా చోట్ల ప్రవేశానికి చందాదారుల వోట్లు కావాలి. వితంతువులు, బంధువులు ఇల్లిల్లూ తిరిగి వోట్లు కూడగట్టుకోవాలి. పలుకుబడి లేనివారికి దారి లేదు. ముల్లర్ శరణాలయాలలో వోట్లు లేవు, సిఫారసు అక్కరలేదు, రుసుము లేదు. తల్లిదండ్రులిద్దరూ లేకపోవడం, ఆధారం లేకపోవడం చాలును.

1835 నవంబరులో ఒక మిత్రుని ఇంట తేనీరు త్రాగుతూ ఉండగా ఫ్రాంకే జీవితచరిత్ర ముల్లర్ కంటబడినది. ఎంతో కాలంగా మనసులో ఉన్న ఆలోచన దానితో గట్టిపడింది. డిసెంబరు 9న బహిరంగసభలో తన ఉద్దేశాన్ని ప్రకటించాడు. తన మొదటి ఉద్దేశం అనాథల పోషణ కాదని, దేవుడు ప్రార్థన ఆలకిస్తాడనే సంగతిని అందరికీ కనబడేట్లు రుజువు చేయడమేనని ఆయన స్పష్టంగా వ్రాశాడు. కుటుంబ పోషణకై రోజుకు పధ్నాలుగు, పదహారు గంటలు పనిచేస్తూ, పని తగ్గిస్తే గడవదని భయపడే శ్రామికులను ఆయన రోజూ చూసేవాడు. వారికి కంటికి కనబడే సాక్ష్యం ఒకటి చూపాలనుకొన్నాడు. ఈ మాట చదివినప్పుడు పిల్లలు కేవలం సాధనమేనా అనే సందేహం కొందరికి కలుగవచ్చు. కాని ఆ తరువాతి అరవై సంవత్సరాలలో పిల్లల పడక, భోజనం, చెప్పుల జతల వరకు ఆయన చూపిన శ్రద్ధను గమనిస్తే ఆ సందేహం నిలువదు.

ధనం, ఇల్లు, పనివారు, సామాను అన్నీ ప్రార్థించి సమకూర్చుకొన్నాడు. 1836 ఫిబ్రవరి 3న దరఖాస్తులు తీసుకోవడానికి కూర్చున్నాడు. రెండు గంటలు గడిచినా ఒక్కరూ రాలేదు. ఇంటికి పోతూ ఆలోచించగా, అన్నిటి కొరకు ప్రార్థించి పిల్లల కొరకు ప్రార్థించడం మరచిపోయినట్లు గ్రహించాడు. అనాథలకు కొదువ ఏమిటని అనుకొన్నాడట! మరునాడు మొదటి దరఖాస్తు వచ్చింది. నెల తిరిగేలోగా నలభైకి పైగా వచ్చాయి.

విల్సన్ వీధి

1836 ఏప్రిల్ 11న బ్రిస్టల్ లోని సెయింట్ పాల్స్ ప్రాంతంలో, విల్సన్ వీధి 6వ నంబరు అద్దె ఇంట్లో బాలికల శరణాలయం ప్రారంభమైనది. అదే సంవత్సరం నవంబరులో చిన్నపిల్లలకు, 1837లో బాలురకు అదే వీధిలో ఇళ్ళు తీసుకొన్నారు. కొన్నేళ్ళ తరువాత నాలుగవ ఇల్లు కూడా చేరింది.

1838 నుండి కొన్ని సంవత్సరాలు చాలా ఇబ్బందిగా గడిచాయి. ఉదయం భోజనానికి ఉండి మధ్యాహ్నానికి లేని రోజులు, పాలకు డబ్బు చాలని రోజులు ముల్లర్ దినచర్యలో ఎన్నో కనిపిస్తాయి. అటువంటప్పుడు శరణాలయంలో పనిచేసేవారు తమ వద్ద ఉన్న కొద్దిపాటి సొమ్ము తెచ్చి ఇచ్చేవారు, తమ వస్తువులు అమ్మి ఇచ్చిన సందర్భాలు కూడా ఉన్నాయి. కాని ఈ కొరత సంగతి బయటివారికి చెప్పరాదని నియమం. పిల్లలు పస్తు ఉన్న పూట ఒక్కటీ లేదని ముల్లర్ నమోదు చేశాడు.

సంవత్సరానికొకసారి లెక్కలు, నివేదిక ప్రచురించేవారు. దాతల పేర్లు వేసేవారు కారు. ఈ నివేదికలే పరోక్షంగా యాచన కాదా అని కొందరు ఆక్షేపించారు. ఇది త్రోసివేయదగిన ఆక్షేపణ కాదు. ముల్లర్ కూడా దానిని గమనించాడు. 1841 డిసెంబరులో చేతిలో డబ్బు బొత్తిగా లేని సమయంలో నివేదిక, వార్షిక సభ జరగవలసి ఉండగా, అప్పుడు ప్రకటిస్తే జనం జాలిపడి ఇస్తారని, రెండింటినీ కొన్ని నెలలు వాయిదా వేశాడు. ఆ నెలలు మరింత కష్టంగా గడిచాయి.

తినడానికి ఏమీ లేని ఒక ఉదయం పిల్లలను బల్లల వద్ద కూర్చోబెట్టి ముల్లర్ కృతజ్ఞతలు చెల్లించగా రొట్టెలు చేసేవాడు, ఆ వెనుకనే బండి విరిగిన పాలవాడు తలుపు తట్టారనే కథ లోకంలో బహుళ ప్రచారంలో ఉన్నది. ఇది ఆయన దినచర్య నుండి కాక, ఒక మిత్రుని కుమార్తె బాల్యస్మృతిగా వ్యాప్తిలోకి వచ్చినది.

యాష్లీ డౌన్

1845 అక్టోబరులో విల్సన్ వీధివాసి ఒకరు మర్యాదగా ఒక లేఖ వ్రాశారు. నూరు మందికి పైగా పిల్లలు ఆడుకొనేటప్పుడు కలిగే సందడి ఇరుగుపొరుగుకు ఇబ్బందిగా ఉన్నదని దాని సారాంశం. ముల్లర్ ఆ ఫిర్యాదులో న్యాయం ఉన్నదని ఒప్పుకొన్నాడు. పిల్లలకు ఆటస్థలం లేదు, తోటపని నేర్పడానికి నేల లేదు, జబ్బుపడినవారిని వేరుగా ఉంచడానికి గదులు లేవు. స్వంత భవనం కట్టాలని నిశ్చయించాడు. 1845 డిసెంబరు 10న మొదటి విరాళంగా వెయ్యి పౌండ్లు వచ్చాయి.

నగరం వెలుపల యాష్లీ డౌన్ అనే మెరక ప్రదేశంలో స్థలం కుదిరింది. దాని యజమాని ఎకరానికి 200 పౌండ్లు అడుగుతున్నాడు. 1846 ఫిబ్రవరిలో ముల్లర్ ఆయన కొరకు ఇంటికీ, కార్యాలయానికీ వెళ్ళగా రెండు చోట్లా కనబడలేదు. మరునాడు వెళ్ళేసరికి, రాత్రి మూడు గంటలకు మెలకువ వచ్చి మరల నిద్రపట్టలేదని, ముల్లర్ అడిగితే ఎకరం 120 పౌండ్లకే ఇవ్వాలని అప్పుడే నిశ్చయించుకొన్నానని యజమాని చెప్పాడు. ఆ విధంగా సుమారు ఏడు ఎకరాలు కొన్నారు.

1849 జూన్ 18న మూడు వందల మంది పిల్లలకు సరిపోయే మొదటి భవనంలో ప్రవేశించారు. ధనమంతా చేతికి వచ్చిన తరువాతనే కట్టడం మొదలుపెట్టాలనే పట్టుదల వలన ఆలస్యమైనది. రెండవ భవనం 1857లో (400 మందికి), మూడవది 1862లో (450 మందికి), నాల్గవది 1868లో, అయిదవది 1870 జనవరిలో ప్రారంభమైనవి. అయిదింటిలో కలిపి 2,050 మందికి చోటు ఉన్నది. నిర్మాణానికి లక్ష పౌండ్లకు పైగా ఖర్చయినది.

1857 నవంబరు చివరలో మొదటి భవనాన్ని వెచ్చగా ఉంచే బాయిలరు కారడం మొదలైనది. బాగుచేయాలంటే నిప్పు ఆర్పి చుట్టూ ఉన్న ఇటుక కట్టడాన్ని విప్పాలి. రోజు నిర్ణయించిన తరువాత ఎముకలు కొరికే ఉత్తరపు గాలి ఆరంభమైనది. మూడు వందల మంది పసివారు ఆ చలిలో ఎట్లా ఉండగలరు? గాలి దక్షిణానికి మరలాలని, పనివారికి పనిమీద మనసు కలగాలని ముల్లర్ ప్రార్థించాడు. నిర్ణయించిన రోజున మెత్తని దక్షిణపు గాలి వీచింది. సాయంకాలం మేస్త్రీ పనివారిని పిలిచి మరునాడు పెందలాడే రమ్మని చెప్పబోగా, వారే రాత్రంతా పనిచేస్తామన్నారు. దాదాపు ముప్పై గంటలలో బాయిలరు మరల వెలిగింది. ఈ సంఘటనకు ముల్లర్ చెప్పిన కారణాన్ని నమ్మడం, నమ్మకపోవడం పాఠకుల ఇష్టం. పనివారు తామై రాత్రి మేలుకోవడం మాత్రం గమనింపదగినది.

చదువు, దినచర్య

పిల్లలకు చదవడం, వ్రాయడం, లెక్కలు, వ్యాకరణం, భూగోళం, ఇంగ్లాండు చరిత్ర, సంగీతం, బైబిలు బోధించేవారు. పాఠశాలలను పరీక్షించడానికి ప్రత్యేకంగా ఒక తనిఖీ అధికారిని నియమించుకొన్నారు. బాలికలు కుట్టుపని, వంట, ఉతుకు నేర్చుకొనేవారు. బాలురు పడకలు సర్దడం, జోళ్ళు తుడవడం, తోటపనితో పాటు మేజోళ్ళు అల్లడం కూడా నేర్చేవారు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు కలిసి వచ్చినప్పటికీ వయస్సును, బాలురా బాలికలా అన్నదానిని బట్టి వేరు వేరు విభాగాలలో ఉండవలసి వచ్చేది. తల్లిదండ్రులను పోగొట్టుకొన్న పసివారికి ఇది రెండవ ఎడబాటు. ముప్పై అయిదేళ్ళు పాఠశాలలలో గడిపిన ఈ వ్యాసకర్తకు ఈ ఒక్క నియమం మింగుడుపడదు.

శరణాలయం విడిచే వేళ

అనాథను చేరదీయడం ఒక ఎత్తు, పెరిగిన పిల్లను లోకంలోకి పంపడం మరొక ఎత్తు. శరణాలయం గడప దాటిన పిల్లలు ఏమయ్యారో చాలా సంస్థలు పట్టించుకోని కాలంలో ముల్లర్ దీనికి ఒక క్రమం ఏర్పరచాడు.

బాలురను సాధారణంగా పధ్నాలుగవ ఏట వృత్తిలో ప్రవేశపెట్టేవారు. తనకు ఇష్టమైన వృత్తిని బాలుడే ఎంచుకోవచ్చును. వడ్రంగం, దర్జీపని, జోళ్ళు కుట్టడం, రొట్టెలు చేయడం వంటి వృత్తులలో ఒక యజమాని వద్ద ఉండి కొన్ని సంవత్సరాలు పని నేర్చుకొనేవాడు. యజమానికి చెల్లించవలసిన రుసుమును శరణాలయమే చెల్లించేది. బాలుడు ఆ ఇంటిలోనే ఉండి తింటూ పెరుగుతాడు గనుక యజమాని నడవడిని విచారించిన తరువాతనే అప్పగించేవారు. బాలికలు పదిహేడవ ఏటి వరకు శరణాలయంలో ఉండేవారు. తరువాత ఎక్కువమంది మంచి కుటుంబాలలో ఇంటిపనికి కుదిరేవారు. ఇంటిపనివారి ఆరోగ్యం, బలం చాలకపోతే గడవని కొలువు అది. అందుచేతనే వారిని బాలుర కంటే ఎక్కువ కాలం ఉంచుకొన్నారు. చదువులో చురుకైనవారిని శరణాలయం పాఠశాలలోనే శిక్షణ ఇచ్చి ఉపాధ్యాయులుగా తయారుచేసేవారు. ఆరోగ్యం సరిగా లేనివారిని, తగిన చోటు దొరకనివారిని వయసు నిండినంత మాత్రాన పంపివేసేవారు కారు.

వెళ్ళే రోజున ప్రతి ఒక్కరికీ కొత్త బట్టల జతలు, వాటిని ఉంచుకోవడానికి ఒక పెట్టె, ఒక బైబిలు ఇచ్చేవారు. ప్రయాణపు ఖర్చు శరణాలయానిదే. బాలుడు ముల్లర్ గదికి వెళ్ళి ఆయనతో కలిసి ప్రార్థించేవాడు. అప్పుడు ఆయన కుడిచేతిలో బైబిలు, ఎడమచేతిలో అరక్రౌను నాణెం ఉంచి, కుడిచేతిలో ఉన్నదానిని గట్టిగా పట్టుకొంటే ఎడమచేతిలో ఉండవలసినది ఉంటూనే ఉంటుందని చెప్పేవాడని ప్రతీతి. వెళ్ళినవారితో ఉత్తరప్రత్యుత్తరాలు సాగేవి. పూర్వవిద్యార్థులు తమ మొదటి సంపాదన నుండి పంపిన చిన్న చిన్న మొత్తాలను ముల్లర్ నివేదికలలో ప్రత్యేకంగా పేర్కొనేవాడు.

అందరి విషయం ఇట్లా జరగలేదు. ఎనిమిదేళ్ళు నిండక ముందే దొంగల ముఠాలో తిరిగిన ఒక బాలుడు శరణాలయంలో చేరాడు. దొంగతనాలు చేసి గొప్పగా చెప్పుకొనేవాడు, రెండుసార్లు పారిపోయాడు. సంవత్సరాల తరబడి సహించి, ప్రార్థించి, మందలించి చూచి, చివరకు 1849లో ఇతర పిల్లల మేలు కొరకు అందరి సమక్షంలో అతనిని పంపివేయవలసి వచ్చినది. తన బాల్యం గుర్తుకు రాకుండా ముల్లర్ ఆ పని చేసి ఉండడు. ఆ బాలుని గురించి ప్రార్థన మానలేదని కూడా ఆయన వ్రాసుకొన్నాడు.

విమర్శలు

పేద పిల్లలకు వారి స్థాయికి మించిన చదువు చెబుతున్నాడని ఆ కాలంలో కొందరు నిందించారు. కర్మాగారాలకు, గనులకు రావలసిన చవక కూలీలు ఈయన వలన తగ్గిపోతున్నారని కూడా ఆరోపణ వచ్చినది. నేటి దృష్టికి ఇది ఆరోపణ కంటే ప్రశంసగా కనబడుతుంది. డికెన్స్ సంపాదకత్వం వహించిన హౌస్‌హోల్డ్ వర్డ్స్ వారపత్రిక 1857లో ఈ శరణాలయం గురించి ఒక వ్యాసం ప్రచురించి దాని పేరును దేశమంతటా వ్యాపింపజేసినది.

వివాహబంధంలో జన్మించిన పిల్లలను మాత్రమే చేర్చుకోవాలనే నియమం మాత్రం సమర్థించడం కష్టం. ఆ కాలపు సమాజం దృష్టిలో అందరికంటే హీనస్థితిలో ఉన్న పిల్లలకే ఈ ద్వారం మూసుకొన్నది. బాలికలకు ఇంటిపని తప్ప వేరే దారి బహు తక్కువగా ఉండడం కూడా లోపమే, కాని అది ఆనాటి దేశమంతటి లోపం.

తెలుగు దేశంతో సంబంధం

ముల్లర్ కు ప్రేరణ ఇచ్చిన హాలే శరణాలయానికి తెలుగు ముద్రణ చరిత్రలో గొప్ప స్థానం ఉన్నది. తరంగంబాడి, మద్రాసులలో పనిచేసి తెలుగు నేర్చిన బెంజమిన్ షుల్జ్ 1743లో హాలేకు తిరిగి వెళ్ళాడు. 1746-47లో ఆయన అక్కడ అచ్చు వేయించినవే మొట్టమొదటి తెలుగు ముద్రిత గ్రంథాలుగా చరిత్రకారులు పరిగణిస్తారు.

ముల్లర్ బావమరిది గ్రోవ్స్ బాగ్దాదులో ప్లేగు వలన భార్యను పోగొట్టుకొని, 1833లో భారతదేశం వచ్చాడు. 1835లో ఇంగ్లాండుకు వెళ్ళి ముల్లర్ తో కలిసి జర్మనీలో పర్యటించి, భారతదేశంలో పనిచేయడానికి మనుషుల కొరకు వెదికాడు. 1836లో ఆయన వెంట బయలుదేరినవారిలో విలియం బౌడెన్, జార్జి బీర్ దంపతులు ఉన్నారు. వీరు ముందుగా మచిలీపట్నం చేరి, తరువాత నరసాపురం, పాలకొల్లు ప్రాంతాలలో స్థిరపడ్డారు. అప్పటికి ధవళేశ్వరం ఆనకట్ట లేదు, డొక్కల కరువు గడిచి మూడు నాలుగు సంవత్సరాలే అయినది. వీరు ప్రారంభించినదే గోదావరి డెల్టా మిషన్. ముల్లర్ వలెనే వీరు కూడా నిర్ణీతమైన జీతం లేకుండా పనిచేశారు. గ్రోవ్స్ కొంతకాలం చిత్తూరులో వ్యవసాయ క్షేత్రం నడిపి, 1852లో ఇంగ్లాండుకు తిరిగి వెళ్ళి 1853 మే 20న బ్రిస్టల్ లో ముల్లర్ ఇంటనే మరణించాడు.

1848లో బ్రదరెన్ సంఘాలలో జాన్ నెల్సన్ డార్బీకి, ముల్లర్, క్రెయిక్ ల బెతెస్ద సంఘానికి మధ్య తీవ్రమైన వివాదం వచ్చి సంఘాలు రెండు పాయలుగా చీలిపోయాయి. గోదావరి జిల్లాల బ్రదరెన్ సంఘాలు ముల్లర్ పక్షమైన ఓపెన్ బ్రదరెన్ పాయకు చెందినవి. పూణే సమీపంలోని కెడ్గాంలో ముక్తి సదనం స్థాపించి వేలాది కరువు బాధిత బాలికలను, వితంతువులను కాపాడిన పండిత రమాబాయి (1858-1922) తనను ప్రభావితం చేసిన గ్రంథాలలో ముల్లర్ ఆత్మకథ ఒకటని పేర్కొన్నది. జపానులో 1887లో ఒకయామా అనాథ శరణాలయాన్ని స్థాపించిన ఇషీ జూజీకి కూడా ముల్లరే ఆదర్శం.

చివరి సంవత్సరాలు

1870 ఫిబ్రవరి 6న మేరీ ముల్లర్ మరణించింది. శరణాలయాల దుప్పట్లు, బట్టలు, సామగ్రి మొదలుకొని నెలవారీ లెక్కల వరకు చూచినది ఆమెయే. జీవితచరిత్రలలో ఆమెకు దక్కిన చోటు చాలా తక్కువ. 1871 నవంబరులో కుమార్తె లిడియా, ముల్లర్ సహాయకుడైన జేమ్స్ రైట్ ను వివాహమాడింది. అదే నెలలో ముల్లర్ సుసానా సాంగర్ ను పునర్వివాహం చేసుకొన్నాడు. శరణాలయాల నిర్వహణను క్రమంగా అల్లునికి అప్పగించి, 1875 నుండి, అంటే తన డెబ్బయ్యవ ఏటి నుండి, బోధకై దేశాటన ప్రారంభించాడు. పదిహేడు సంవత్సరాలలో నలభై రెండు దేశాలు, సుమారు రెండు లక్షల మైళ్ళు తిరిగాడు. 1878లో అమెరికా అధ్యక్షుడు హేయ్స్ ను కలుసుకొన్నాడు. భారతదేశానికి రెండుసార్లు వచ్చాడు. రెండవసారి, 1890 జనవరిలో, జబల్‌పూరులో ఉండగా బ్రిస్టల్ లో కుమార్తె మరణించినట్లు తంతి అందింది. పదివేల మంది అనాథలకు తండ్రి వంటివాడైన ముల్లర్ తన బిడ్డలిద్దరినీ తన కంటే ముందే పోగొట్టుకొన్నాడు. సుసానా కూడా ఆయన కంటే ముందే మరణించింది.

1898 మార్చి 9న సాయంకాలం ఎప్పటివలె ప్రార్థనకూటం జరిపాడు. మరునాడు ఉదయం యాష్లీ డౌన్ మూడవ భవనంలోని తన గదిలో మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు తొంభై రెండు సంవత్సరాలు. ఆయన చేతుల మీదుగా సంస్థకు వచ్చిన మొత్తం దాదాపు పదిహేను లక్షల పౌండ్లు. తన స్వంతానికి వచ్చిన కానుకలలో నుండి దానం చేసినది 80 వేల పౌండ్లకు పైమాటే. మరణించే నాటికి పుస్తకాలు, సామానుతో కలిపి ఆయన ఆస్తి విలువ సుమారు 160 పౌండ్లు.

తరువాతి చరిత్ర

జేమ్స్ రైట్ తరువాత ఇతరులు అదే నియమాలతో సంస్థను నడిపారు. కాలక్రమేణా ఒకే కప్పు క్రింద వందలాది పిల్లలను పెంచే పద్ధతి మంచిది కాదనే అభిప్రాయం బలపడింది. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత పిల్లలను చిన్న చిన్న కుటుంబ గృహాలకు మార్చి, 1958లో యాష్లీ డౌన్ భవనాలను అమ్మివేశారు. కొంతకాలం వాటిలో సాంకేతిక కళాశాల నడిచింది. తరువాత అవి నివాస గృహాలుగా మారాయి.

బ్రిస్టల్ లోని ఆర్నోస్ వేల్ శ్మశానవాటికలో ముల్లర్ ను ఇద్దరు భార్యల సమాధుల వద్దనే ఖననం చేశారు. అంత్యక్రియల నాడు, 1898 మార్చి 14న, నగరంలో వ్యాపారాలు నిలిచిపోయి, వేలాది ప్రజలు వీధులలో నిలుచున్నారు. సమాధిపై ఉన్న రాతిని శరణాలయంలో పెరిగినవారు తమంత తాముగా పంపిన సొమ్ముతో నిలిపారు. ఆ సంగతి కూడా దాని మీద చెక్కబడి ఉన్నది.